నడికట్టు కూడా నీది కాదు: పాపం గురించి, తిరిగి రావడం గురించి యూదులు ఏమంటారు

ఒక దొంగ ఉన్నాడు. ఏళ్ల తరబడి అదే బతుకు. ఒక రోజు ఇక చాలు అనిపించింది. దోచుకున్నదంతా ఎవరిది వాళ్లకి ఇచ్చేసి మామూలు మనిషిలా బతకాలనుకున్నాడు. ఆ మాట భార్యకి చెప్పాడు. ఆవిడ, "బుద్ధిలేని మనిషీ! అలా చేస్తే నీ నడుముకున్న నడికట్టు కూడా నీది కాదు" అంది. అతను ఆలోచించుకుని ఆ ప్రయత్నం మానుకున్నాడు.

ఇది తల్ముద్‌లోని కథ. తల్ముద్ అంటే యూదుల ధర్మశాస్త్ర చర్చల మహాసంపుటి. వాదాలు, ఎదురువాదాలు, మధ్యమధ్య ఇలాంటి కథలు. సుమారు 1800 ఏళ్ల కిందట, రబ్బీ యెహూదా హనాసీ కాలంలో ఇది జరిగిందంటారు. రబ్బీ అంటే యూదుల ధర్మశాస్త్ర గురువు. నన్ను పట్టి నిలిపింది కథ కాదు, ఇది తెలిశాక పండితులు చేసిన పని. వాళ్లు దొంగని తిట్టలేదు. భార్యని తప్పుపట్టలేదు. ఆవిడ చెప్పిన లెక్క నిజమే మరి. దోచిన సొమ్ముతోనే తిండీ బట్టా ఇల్లూ నడిచినవాడు అంతా తిరిగి ఇస్తే ఒంటిమీద బట్ట మిగలదు. అందుకని వాళ్లు నియమాన్నే మార్చారు. దొంగలు, వడ్డీకి అప్పులిచ్చి బతికినవాళ్లు తమంతట తాము మారి సొమ్ము తిరిగి ఇవ్వడానికి వస్తే పుచ్చుకోకండి, పుచ్చుకున్నవాణ్ణి పెద్దలు మెచ్చరు అన్నారు.

ఇంకో ఉదాహరణ ఇంతకన్నా పాతది. ఎవరో ఒక దూలం దొంగిలించి పెద్ద భవనంలో బిగించేశాడు. ఇప్పుడేం చెయ్యాలి? భవనం పడగొట్టి దూలం ఇవ్వాల్సిందే అన్నారు పాతకాలపు గురువు షమ్మాయి శిష్యులు. దూలం వెల కడితే చాలు అన్నారు ఆయనకి సాటి గురువైన హిల్లెల్ శిష్యులు. లెక్కకి షమ్మాయి మాటే గట్టిది. నిలిచింది మాత్రం హిల్లెల్ మాట. ఈ ఏర్పాటుకి వాళ్లు "తక్కనత్ హషావీమ్" అని పేరు పెట్టారు, అంటే తిరిగి వచ్చేవాళ్ల కోసం చేసిన సవరణ.

మరి సొమ్ము పోగొట్టుకున్నవాడి సంగతేమిటి? ఆ ప్రశ్న వాళ్లనీ వేధించింది. దొంగిలించిన వస్తువు చేతిలోనే ఉంటే ఇచ్చి తీరాలన్నారు. ఆ వస్తువు పోయి దాని విలువ మాత్రమే మిగిలిన సందర్భానికే ఈ సడలింపు. మధ్యయుగాల్లో ఫ్రాన్స్‌లోని కొందరు పండితులైతే ఇది ఆ ఒక్క తరానికే వర్తించిందన్నారు. ఈ తర్జనభర్జనలోనే యూదుల ఆలోచన అంతా ఉందని నాకు అనిపిస్తుంది. దారి తప్పినవాడు తన కాళ్లతో తనే నడిచి రావాలి, అతని తరఫున ఎవరూ నడవలేరు. అయితే ఆ దారి మూసుకుపోకుండా చూసే బాధ్యత మిగతా అందరిదీ. మొదటి సగం చాలామంది చెబుతారు. రెండో సగం గురించి తక్కువ మాట్లాడతారు.

తప్పు అనే మంచి మాట

పాపానికి హీబ్రూలో చాలా మాటలున్నాయి. ముఖ్యమైనవి మూడు. ఖేత్, అవోన్, పెషా. తెలియక, పొరపాటున జరిగింది ఖేత్. తెలిసి, కావాలని చేసింది అవోన్. ఎదురు తిరిగి, ధిక్కరించి చేసింది పెషా. తల్ముద్ వీటిని ఇలా విడదీసింది. మూడింటికీ ఒకే బరువు లేదు.

ఖేత్ అనే మాట అసలు ఎక్కడిదో చూడాలంటే బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయం తెరవాలి. బెన్యామీను గోత్రంలో 700 మంది ఎడమచేతి వాటం వాళ్లున్నారు. వడిసెలలో రాయి పెట్టి వెంట్రుకకి గురిచూసి కొట్టినా తప్పేవాళ్లు కారట. ఇక్కడ "తప్పడం" అనడానికి వాడిన క్రియ, పాపం అనే మాట, రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. అంటే ఖేత్ అంటే గురి తప్పడం.

ఇది చదివినప్పుడు నాకు మన భాష మీద ఎంతో ప్రేమ కలిగింది. గురి తప్పింది అంటాం, దారి తప్పాడు అంటాం, మాట తప్పాడు అంటాం, తప్పు చేశాడు అంటాం. అన్నింటికీ ఒకటే మాట. సంస్కృతం నుంచి వచ్చిన "పాపం" మనకి అంటుకునే మచ్చలాగో, మోసే మూటలాగో వినిపిస్తుంది. ఖేత్‌కి దగ్గరి చుట్టం మాత్రం మన అచ్చ తెలుగు "తప్పు".

తప్పిపోయినవాడు చెయ్యాల్సింది తిరిగి రావడం. హీబ్రూలో దాన్ని తెషువా అంటారు. "షువ్" అంటే తిరుగు, వెనక్కి రా. పశ్చాత్తాపం అంటే తర్వాత కలిగే తాపం, అది మనసుకి సంబంధించింది. తెలుగు క్రైస్తవులు వాడే మారుమనస్సులో కూడా మనసే ఉంది. ప్రాయశ్చిత్తం అంటే మనకి వెంటనే ఏదో క్రతువు గుర్తొస్తుంది. తెషువాలో ఇవన్నీ కొంచెం కొంచెం ఉన్నా, మాట మాత్రం కాళ్లకి సంబంధించింది. ముస్లింలు చెప్పే తౌబా దీనికి తోబుట్టువు. అరబ్బీలోనూ దాని అర్థం తిరిగి రావడమే. రెండు భాషలూ ఒకే కుటుంబానివి.

నేటి హీబ్రూలో తెషువాకి "జవాబు" అనే అర్థం కూడా ఉంది. మతం పట్టించుకోకుండా పెరిగినవాడు నిష్ఠగా మారితే "తెషువాలోకి వచ్చాడు" అంటారు. నిష్ఠ వదిలి బయటికి వెళ్లినవాణ్ణి "ప్రశ్నలోకి వెళ్లాడు" అంటారు.

పుట్టుకతో ఎవరూ దోషి కాదు

ఆదాము హవ్వలు పండు తిన్న కథని యూదులూ చదువుతారు. అయితే ఆ పాపం వంశపారంపర్యంగా మనుషులందరికీ దిగింది, దాన్నుంచి విడిపించడానికి ఒక రక్షకుడు రావాలి అనే సిద్ధాంతం వాళ్ల ప్రధాన సంప్రదాయంలో లేదు. క్రైస్తవానికీ యూదు మతానికీ దారులు విడిపోయే పెద్ద మలుపుల్లో ఇదొకటి. పాపం అనే మాట ఆదికాండంలో మొదటిసారి కనిపించేది కూడా ఏదెను తోటలో కాదు, తర్వాతి అధ్యాయంలో, కయీను కథలో. తమ్ముడి మీద కోపంతో రగిలిపోతున్న కయీనుతో దేవుడు అంటాడు: పాపం గుమ్మం దగ్గర పొంచి ఉంది, దానికి నీ మీద కన్నుంది, కానీ నువ్వు దాన్ని ఏలగలవు. ఏలగలవు అన్న ఆ ఒక్క మాట మీద యూదులు ఎంతో కట్టుకున్నారు. రోజూ పొద్దున్నే చేసే ప్రార్థనలో "దేవా, నువ్వు నాలో పెట్టిన ఆత్మ స్వచ్ఛమైనది" అంటారు. నిన్న ఏం చేసినవాడైనా సరే, ఆ మాటతోనే రోజు మొదలుపెడతాడు.

తండ్రుల దోషం కొడుకులు మోయరు, కొడుకుల దోషం తండ్రులు మోయరు అని యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో గట్టిగా చెప్పాడు. ఎవరి లెక్క వాళ్లదే.

మరి మనిషి ఎందుకు తప్పుతాడు? ప్రతి మనిషిలోనూ రెండు ప్రేరణలున్నాయంటారు. మంచి వైపు లాగేది యేత్సెర్ హతోవ్, చెడు వైపు లాగేది యేత్సెర్ హరా. ఇది మనకి తెలిసిన దేవుడు, సైతాను లెక్క కాదు. చెడు ప్రేరణని చంపెయ్యాలని వాళ్లు అనరు. దానికో కథ కూడా చెప్పారు. ఒకసారి పెద్దలు ప్రార్థన చేసి కామప్రేరణని పట్టుకుని మూడు రోజులు బంధించారట. తర్వాత చూస్తే దేశమంతా వెతికినా అప్పుడే పెట్టిన గుడ్డు ఒక్కటి దొరకలేదు. కోళ్లు కూడా గుడ్లు పెట్టడం మానేశాయి. దాన్ని చంపితే లోకం ఆగిపోతుంది. సగం తీసెయ్యమని అడుగుదామంటే పైనుంచి సగాలు ఇవ్వరు. చివరికి దాని చూపు కాస్త మసకబార్చి వదిలేశారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు సృష్టిని చూసి "చాలా మంచిది" అన్నాడు కదా, ఆ "చాలా మంచిది" చెడు ప్రేరణ గురించే అని ఒక పాత వ్యాఖ్యానం. అది లేకపోతే మనిషి ఇల్లు కట్టడు, పెళ్లి చేసుకోడు, పిల్లల్ని కనడు, వ్యాపారం చెయ్యడు. ఆశని లేకుండా చెయ్యడం కాదు, దానికి పగ్గం వెయ్యడం కావాలి.

గుడి కూలిన తర్వాత

యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో బలులు ఉండేవి. బలి ఇస్తే పాపం పోయేదని చాలామంది అనుకుంటారు. లేవీయకాండం 4వ అధ్యాయం చూస్తే పాపపరిహార బలి ముఖ్యంగా తెలియక చేసిన తప్పులకే. ఇంకొకరి సొమ్ము తిన్నవాడి సంగతి సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. ముందు నోటితో ఒప్పుకోవాలి, అసలు తిరిగి ఇవ్వాలి, దానిపైన ఐదో వంతు కలపాలి. బలి ఆ తర్వాత. సొమ్ము ఎగ్గొట్టి పొట్టేలుతో సరిపెట్టుకోవడం కుదరదు.

సాధారణ శకం 70లో రోమన్ సైన్యం ఆ ఆలయాన్ని కూల్చేసింది. యూదులకి అది ఎంతటి దెబ్బో ఊహించడం కష్టం. రబ్బీ యెహోషువ, గురువు రబ్బన్ యోహానాన్ బెన్ జక్కాయితో కలిసి వెళుతూ ఆ శిథిలాలు చూసి, "మన పాపాలకి ప్రాయశ్చిత్తం జరిగే చోటు పాడైపోయింది, మన గతేమిటి" అని ఏడ్చాడు. గురువు, "బాధపడకు నాయనా, మనకి దానితో సమానమైన ఇంకో ప్రాయశ్చిత్తం ఉంది, అది పరోపకారం" అన్నాడు. బలి కాదు, కనికరం కావాలని దేవుడు చెప్పినట్టు హోషేయ ప్రవక్త రాసిన వాక్యం గుర్తుచేశాడు. అప్పటినుంచి బలిపీఠం స్థానంలో మూడు నిలబడ్డాయి, ప్రార్థన, దానం, తెషువా.

అవతలి మనిషి లేకుండా కుదరదు

ఇప్పుడు అసలైన మాట. సుమారు సాధారణ శకం 200లో కూర్చిన మిష్నా అనే ధర్మసంహిత, యోమ్ కిప్పూర్ గురించి ఇలా చెప్పింది. యోమ్ కిప్పూర్ అంటే ప్రాయశ్చిత్త దినం, యూదుల ఏడాదిలో అన్నిటికన్నా పవిత్రమైన రోజు. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పులకి ఆ రోజు ప్రాయశ్చిత్తం దొరుకుతుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పులకి, ఆ మనిషిని సమాధానపరిచేదాకా దొరకదు. "ఇప్పుడు పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ వచ్చి కడిగేస్తుంది" అనుకునేవాడికి ఆ రోజు ఏమీ కడగదు.

అంటే నేను మీకు అన్యాయం చేసి దేవుడి ముందు ఎంత ఏడ్చినా, దేవుడు మీ తరఫున నన్ను క్షమించడు. ఆ క్షమాపణ ఆయన చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. ఇది ఎంత పెద్ద మాటో తీరిగ్గా ఆలోచిస్తే గానీ తెలియదు. సర్వశక్తిమంతుడని నమ్మే దేవుడికే ఒక హద్దు గీశారు. బాధపడినవాడి గౌరవం కోసం గీశారు.

దీన్ని అడుగులుగా విడదీసి రాసినవాడు మైమొనిడీస్. యూదులు ఆయన్ని రంబామ్ అంటారు. 1138లో స్పెయిన్‌లోని కొర్డోబాలో పుట్టి, 1204లో ఈజిప్టులో పోయాడు. సుల్తాన్ ఆస్థానంలో వైద్యుడు. ఆయన రాసిన ధర్మసంహితలో తెషువాకే పది అధ్యాయాలున్నాయి. తప్పు చెయ్యడం ఆపాలి, దాన్ని ఆలోచనలోంచి తీసెయ్యాలి, మళ్లీ చెయ్యనని నిశ్చయించుకోవాలి, జరిగినదానికి బాధపడాలి, ఇదంతా నోటితో చెప్పాలి. నోటితో అన్నది ముఖ్యం. అలాగని వదిలే ఉద్దేశం లేకుండా ఒప్పుకోవడాన్ని ఆయన ఎంతమాత్రం ఒప్పుకోడు. అది చేతిలో మైలపురుగుని పట్టుకునే శుద్ధిస్నానం చెయ్యడం లాంటిది. సముద్రాల నీళ్లు పోసుకున్నా మైల పోదు, ముందు దాన్ని పారెయ్యాలి.

తెషువా పూర్తయిందని ఎప్పుడు తెలుస్తుంది? మళ్లీ అదే అవకాశం రావాలి, చేసే ఓపికా వీలూ ఉండాలి, అయినా చెయ్యకూడదు. భయపడి కాదు, శక్తి లేక కాదు, మారినందుకే. ముసలితనంలో చేతకాక మానేసిన తప్పుకి కూడా తెషువా ఉంటుంది, కానీ అది పూర్తిది కాదు అంటాడు. ఈ కొలత చదివినప్పుడల్లా నాకు ఆదికాండంలోని యూదా గుర్తొస్తాడు. తండ్రికి ముద్దుల కొడుకైన యోసేపుని అమ్మేద్దామని అన్నదమ్ములకి సలహా ఇచ్చినవాడు అతనే. ఏళ్ల తర్వాత ఈజిప్టులో, అధికారి వేషంలో ఉన్న యోసేపు ముందు అదే పరిస్థితి మళ్లీ వచ్చింది. ఈసారి చిక్కుకున్నది యోసేపు సొంత తమ్ముడు బెన్యామీను, ఇప్పుడు తండ్రికి ముద్దుల కొడుకు. వదిలేసి ఇంటికి వెళ్లిపోతే అడిగేవాడు లేడు. యూదా ముందుకొచ్చి, "ఈ కుర్రవాడికి బదులు నన్ను బానిసగా ఉంచుకోండి" అన్నాడు. యోసేపు ఇక తట్టుకోలేక ఏడ్చేశాడు.

అవతలి మనిషిని సమాధానపరచడానికీ రంబామ్ లెక్క చెప్పాడు. నష్టం కట్టేశాక కూడా వెళ్లి క్షమాపణ అడగాలి. ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. అలా మూడు విడతలు. అప్పటికీ కరగకపోతే వదిలెయ్యవచ్చు, ఇప్పుడు దోషం క్షమించనివాడిది. తప్పు జరిగింది గురువుకైతే మాత్రం వెయ్యిసార్లయినా వెళ్లాలి. బాధపడిన మనిషి ఈలోగా చనిపోతే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి, ఫలానా వ్యక్తికి ఫలానాది చేశాను అని అందరి ముందూ చెప్పాలి. బాకీ ఉంటే వారసులకి కట్టాలి. ఎవరెవరిని మోసం చేశాడో గుర్తులేనంతగా ఊరందరి దగ్గరా దండుకున్నవాడి సంగతి మరీ కష్టం. అలాంటి సొమ్ముతో అందరికీ పనికొచ్చే బావులు, నీటి తొట్టెలు కట్టించాలంది తల్ముద్. నీళ్లు తోడుకునేవాళ్లలో ఆ నష్టపోయినవాళ్లూ ఉంటారన్న ఆశ.

క్షమించడం అంత సులువు కాదని కూడా వాళ్లకి తెలుసు. బాబిలోనియా యూదులకి మహాగురువైన రవ్, కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక సభలో పాఠం చదువుతున్నాడు. ఆలస్యంగా ఎవరొచ్చినా మొదటినుంచి మళ్లీ చదివాడు. రబ్బీ హనీనా వచ్చేసరికి విసుగొచ్చి, ఇంకెన్నిసార్లు అని కొనసాగించాడు. హనీనా నొచ్చుకున్నాడు. రవ్ 13 ఏళ్లపాటు ప్రతి యోమ్ కిప్పూర్ ముందురోజూ వెళ్లి అడిగాడు. హనీనా ఒప్పుకోలేదు. మూడుసార్లు చాలు కదా అంటే, రవ్ అంతటివాడి సంగతి వేరు అంటుంది తల్ముద్.

మనవాళ్లు వీడ్కోలు సభల్లో "తెలిసో తెలియకో ఏమైనా తప్పు చేసి ఉంటే క్షమించండి" అంటారు. యోమ్ కిప్పూర్ ముందు యూదులూ ఇలాంటి మెసేజ్‌లు అందరికీ పంపుకుంటారు. మర్యాదగా అది మంచిదే. తెషువాకి మాత్రం చాలదు. ఏం చేశానో పేరుపెట్టి చెప్పాలని చాలామంది పండితుల మాట. అయితే ఒక చిక్కు. వెనకాల చాడీ చెప్పాను, అది అవతలివాడికి తెలియనే తెలియదు. ఇప్పుడు వెళ్లి చెప్పాలా? చెప్పి క్షమాపణ అడగాల్సిందే అన్నాడు చాడీల మీదే ఒక గ్రంథం రాసిన హఫేత్స్ హయీమ్. చెబితే కొత్తగా గాయపరిచినట్టే కదా, నీ మనసు తేలికపరుచుకోవడానికి అతన్ని ఎందుకు బాధపెడతావు అన్నాడట రబ్బీ ఇస్రాయెల్ సలాంటర్. నేను సలాంటర్ వైపు. మనశ్శాంతి కోసం అన్నీ కక్కేసి, ఎదుటివాడికి నిద్ర లేకుండా చేసేవాళ్లని చూశాను కాబట్టి.

హత్య సంగతి వేరు. క్షమించాల్సినవాడు ఇక లేడు. సైమన్ వీజెంతాల్ నాజీ శిబిరంలో ఖైదీగా ఉన్నప్పుడు, చావుబతుకుల్లో ఉన్న, నాజీల ఎస్‌ఎస్ దళానికి చెందిన ఒక సైనికుడు తన దారుణాలు చెప్పుకుని, యూదుడివైన నువ్వు క్షమించు అని అడిగాడు. వీజెంతాల్ ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చేశాడు. తను చేసింది సరైనదేనా అని తర్వాత ఎందరో మేధావుల్ని అడిగాడు. తత్వవేత్త అబ్రహామ్ జాషువా హెషెల్ జవాబుగా ఒక కథ చెప్పాడు. రైల్లో కొందరు వ్యాపారులు పేకాడుతూ, సాదాగా ఉన్న ఒక ముసలాయన్ని అవమానించారు. దిగాక తెలిసింది, ఆయన ఊరంతా గౌరవించే బ్రిస్క్ పట్టణపు రబ్బీ అని. ఒకడు పరుగున వెళ్లి ఎన్నిసార్లు వేడుకున్నా రబ్బీ క్షమించలేదు. ఎందుకని అడిగితే, "అతను అవమానించింది నన్ను కాదు, ఎవరో సామాన్యుణ్ణి అనుకుని అవమానించాడు. వెళ్లి ఆ సామాన్యుణ్ణి అడగమనండి" అన్నాడట. ఇతరులకి జరిగిన నేరాన్ని క్షమించే హక్కు ఎవరికీ లేదని హెషెల్ తీర్పు. కఠినంగా ఉంటుంది. దారి తెరిచి ఉంచాలని ఇంత తపించిన సంప్రదాయమే ఇక్కడ ఆగిపోయింది, తెరిచే తాళంచెవి చనిపోయినవాళ్ల దగ్గర ఉండిపోయింది కాబట్టి.

ఒకరి తప్పు, అందరి నోట

తెషువా ఏ రోజైనా చెయ్యవచ్చు. చనిపోయే ముందురోజు తెషువా చెయ్యి అని రబ్బీ ఎలియేజర్ అంటే శిష్యులు, ఏ రోజు చనిపోతామో ఎలా తెలుస్తుందని అడిగారు. అందుకే ఈరోజే చెయ్యమంటున్నా అన్నాడు. అయినా ఏడాదిలో ఒక కాలం దానికోసమే పెట్టుకున్నారు. మన లెక్కలో ఆగస్టు, అక్టోబరుల మధ్య వస్తుంది. ఎలూల్ నెలలో చాలాచోట్ల పొద్దున్నే షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు. నిద్రపోతున్నవాళ్లారా లేవండి, మీ పనులు సరిచూసుకోండి అని ఆ ధ్వనికి రంబామ్ చెప్పిన అర్థం. తర్వాత కొత్త సంవత్సరం రోష్ హషానా, పదో రోజున యోమ్ కిప్పూర్.

ఆ రోజు సుమారు 25 గంటల ఉపవాసం, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. తోలు చెప్పులు వేసుకోరు. చాలామంది తెల్లబట్టలు కడతారు. సాయంత్రం మొదటి ప్రార్థనకి ముందు ఒక ప్రకటన చేస్తారు: "తప్పు చేసినవాళ్లతో కలిసి ప్రార్థించడానికి అనుమతిస్తున్నాం." పాపుల్ని కలుపుకోని ఉపవాసం ఉపవాసమే కాదని తల్ముద్ మాట. ఆలయంలో వేసే ధూపంలో 11 ద్రవ్యాలుండేవి. వాటిలో ఒకటి, హెల్బెనా, దుర్వాసన వేసేది. అది లేకుండా ధూపం చెల్లదు.

ఒప్పుకోలు ప్రార్థన బహువచనంలో ఉంటుంది. ద్రోహం చేశాం, దోచుకున్నాం, చాడీలు చెప్పాం అంటూ హీబ్రూ అక్షరమాల వరుసలో, ఒక్కో తప్పుకి గుప్పిటతో గుండె మీద కొట్టుకుంటూ చెబుతారు. లంచం, వడ్డీ, వ్యాపారంలో మోసం, నోటి దురుసు, అన్నీ ఉంటాయి. నేను లంచం తీసుకోలేదు కదా అని ఆ వాక్యం వదిలెయ్యడానికి లేదు. పక్కన నిలబడినవాడు ఒంటరిగా చెప్పుకోలేని మాట తనతోపాటు వందమంది నోట వింటాడు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది. ఈ పండుగలు తెలుగు ఇళ్లలోకీ వచ్చాయి.

ఆ మధ్యాహ్నం యోనా గ్రంథం చదువుతారు. నాశనం తప్పదని యోనా ప్రవక్త హెచ్చరించగానే నీనెవె నగర ప్రజలు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నారు, దేవుడు వాళ్లని విడిచిపెట్టాడు. మిష్నా దీన్ని చాలా జాగ్రత్తగా చదివింది. దేవుడు వాళ్ల గోనెపట్టనీ ఉపవాసాన్నీ చూశాడని అక్కడ లేదు, వాళ్ల పనులు చూశాడని ఉంది.

తిరిగొచ్చినవాడి చోటు

తెషువా చేసినవాళ్లు నిలబడే చోట, ఎప్పుడూ తప్పని పుణ్యాత్ములు కూడా నిలబడలేరని రబ్బీ అబ్బాహు అన్నాడు. రబ్బీ యోహానాన్ (ముందు చెప్పిన బెన్ జక్కాయి కాదు, తర్వాతి కాలంవాడు) ఒప్పుకోలేదు, పుణ్యాత్ములదే పైచేయి అన్నాడు. రంబామ్ మొదటి మాటే తీసుకున్నాడు. రుచి తెలిసీ వదిలినవాడి కష్టం ఎక్కువ కాబట్టి.

ప్రేమతో చేసిన తెషువా, కావాలని చేసిన పాపాల్ని కూడా పుణ్యాలుగా మార్చేస్తుందన్న మాట రేష్ లాకిష్ పేరు మీద ఉంది. ఆయన్ని లాకిష్ కొడుకు అని కూడా పిలిచేవాళ్లు. మూడో శతాబ్దంలో గలిలయలోని తిబెరియలో ఉన్న పండితుడు. అంతకుముందు బందిపోటు. ఒకరోజు యోర్దాను నదిలో స్నానం చేస్తున్న రబ్బీ యోహానాన్‌ని చూసి నదిలోకి దూకాడు. నీ బలం ధర్మశాస్త్రానికి పనికిరావాలి, తిరిగి వస్తే నా చెల్లెల్నిస్తాను అన్నాడు యోహానాన్. రేష్ లాకిష్ ఒప్పుకున్నాడు. చదివాడు, గొప్పవాడయ్యాడు, బావకి సాటి అయ్యాడు.

తెషువా చేసినవాడితో "నీ పాత పనులు గుర్తుచేసుకో" అనకూడదు. మాటతో చేసే హింసల్లో ఒకటిగా తల్ముద్ దీన్ని నిషేధించింది. ఆ నియమం బావా మెట్సియా అనే గ్రంథం 58వ ఆకులో ఉంది. అదే గ్రంథం 84వ ఆకులో ఇది ఉంది.

ఒక రోజు పాఠశాలలో చర్చ. కత్తి, బాకు, ఈటె, కొడవలి ఎప్పుడు తయారైనట్టు లెక్క? కొలిమిలో కాల్చినప్పుడు అన్నాడు యోహానాన్. నీళ్లలో ముంచి మెరుగుపెట్టినప్పుడు అన్నాడు రేష్ లాకిష్. "దొంగకి దొంగతనం పనిముట్లు బాగా తెలుసు" అన్నాడు యోహానాన్.

రేష్ లాకిష్ మనసు విరిగిపోయింది. "నువ్వు నాకు చేసిన మేలేమిటి? అక్కడా నన్ను గురువనేవాళ్లు, ఇక్కడా గురువనే అంటున్నారు" అన్నాడు. యోహానాన్ కూడా నొచ్చుకున్నాడు. రేష్ లాకిష్ మంచం పట్టాడు. చెల్లెలు ఏడుస్తూ వచ్చి, నా పిల్లల్ని చూసైనా ఆయన కోసం ప్రార్థించు అన్నా యోహానాన్ కరగలేదు. రేష్ లాకిష్ చనిపోయాడు.

అప్పుడు యోహానాన్‌కి దుఃఖం మొదలైంది. ఆయన్ని ఓదార్చడానికి ఎలాజార్ బెన్ పెదాత్ అనే తెలివైన పండితుణ్ణి పంపారు. యోహానాన్ ఏం చెప్పినా అతను, మీ మాటకి ఫలానా చోట ఆధారముంది అనేవాడు. "నువ్వు లాకిష్ కొడుకు లాంటివాడివా? నేనొక మాటంటే అతను 24 ఆక్షేపణలు తెచ్చేవాడు, నేను 24 సమాధానాలు చెప్పేవాణ్ణి, విషయం విప్పారేది. నువ్వేమో ఆధారముంది అంటావు. నేను చెప్పేది సరైనదని నాకు తెలియదా?" అన్నాడు యోహానాన్. బట్టలు చింపుకుని వీధుల్లో తిరుగుతూ, "లాకిష్ కొడుకా, ఎక్కడున్నావు? లాకిష్ కొడుకా, ఎక్కడున్నావు?" అని అరిచేవాడు. అలా అరుస్తూ అరుస్తూ మతి పోయింది. ఆయన మీద దయ చూపమని పండితులు దేవుణ్ణి వేడుకున్నారు. ఆయన ప్రాణం విడిచాడు.